గోడ రంగు కందవ

నిన్న వాన వెలిశాక మా వంటింటి గోడ నుంచి ఉప్పునీటి వాసన వచ్చింది. సముద్రం ఎక్కడ, జంషెడ్‌పూర్‌లో మా గోడ ఎక్కడ! అయినా అప్పాయమ్మత్త గుర్తొచ్చింది.

డెబ్బైల చివర్లో నేను కొత్తకోడలిగా ఈ ఊళ్ళో సీతారాండేరా బస్తీకి వచ్చినప్పుడు ఆవిడది మా పక్క వాటా. భీమిలి వైపు బెస్తపల్లె మనిషి. భర్త వేటకెళ్ళి తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. కార్ఖానాలో పనిచేసే కొడుకు సింహాచలం ఆవిడను ఇక్కడికి తెచ్చుకున్నాడు. మనిషిని కళ్ళారా చూడందే గాజులు తీయనని ఆవిడ పంతం. మా ఆయన రైల్వే డ్యూటీకి పోతే నాకు దిక్కు ఆవిడే. మాంగో అనే పేట సంతలో నా కళ్ళు మూయించి, చేపను నొక్కించి, తాజాదో కాదో చెప్పమనేది. తప్పు చెప్తే నలుగురిలో తిట్టేది కూడా.

మీరు హోటల్లో స్క్విడ్ అంటారే, దాన్ని ఆవిడ కందవ అనేది. అవి సముద్రం వదిలి గట్టెక్కి ఇక్కడిదాకా నడిచొచ్చేశాయట. నల్లవి బొగ్గు గుట్టల్లో ఉంటాయట, సన్నవి పట్టాల కింద కంకరలో చేతులు మడుచుకుని పడుకుంటాయట. అన్నిటికన్నా పెద్దది మా ఇళ్ళ గోడనంటుకుని గోడ రంగే వేసుకుంటుందట.

"గోడ సల్లగుంటాది పిల్లా. అది ఎచ్చగుంటాది. అవొచ్చిన దారినే మా ఆయనా వత్తాడు," అనేది. నేను నవ్వేదాన్ని. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు గోడకు ఆనుకోవడం మానేశాను.

ఒక వానాకాలం మధ్యాహ్నం సింహాచలం పంతులుగారిని తీసుకొచ్చాడు.

"బస్, చాలమ్మా. నాన్నింక రాడు. గాజులు తీసీ," అన్నాడు ఏడుస్తూ.

అత్త ఏడవలేదు. గుమ్మంలో నిలబడ్డ నా వైపు తిరిగింది. "నువ్వు సెయ్యెట్టి సూడే. సల్లగుంటే తీసేత్తాను."

మూడు రోజుల ముసురుకు గోడ నీరు కారుతోంది. చల్లగా ఉంటుందనే చెయ్యి పెట్టాను. జ్వరమొచ్చిన పిల్ల ఒంటిలా ఉంది. నా అరచేతి కింద మెల్లగా లోపలికి ముడుచుకుంది.

"ఎచ్చగుంది అత్తా," అన్నాను.

పంతులుగారు వెళ్ళిపోయారు. ముసలామె మీద జాలిపడి అలా అన్నానని బస్తీ అంతా నన్ను మెచ్చుకుంది. సింహాచలం మాత్రం నాతో మళ్ళీ మాట్లాడలేదు. అత్త గాజులతోనే, గుమ్మం వైపు చూస్తూ పోయింది. నేను చల్లగా ఉందని చెప్పి ఉంటే ఒక పూట ఏడ్చి కుదుటపడేదేమో. నా ఒక్క మాట పట్టుకుని ఆఖరి శ్వాస దాకా ఎదురుచూసింది. 

కానీ నేను జాలిపడలేదు. అబద్ధమూ ఆడలేదు. నా భయమల్లా అదే.