కామేశం గారి కత్తెర

కామేశం గారి చేతిలో కత్తెర చూడగానే సింధూరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"చివరి గీత బాగా రాలేదమ్మా, తీసేద్దాం. రేపు పీహెచ్‌డీ కమిటీకి మిగతాది చాలు," అంటూ ఆయన ఆమె ప్రయోగం అచ్చుపడిన ఎక్స్-రే ఫిల్ము అంచుకు కత్తెర ఆనించాడు.

సింధూరి చెన్నై వాషర్‌మెన్‌పేట్ పిల్ల. తండ్రి కోటిలింగానికి సౌకార్‌పేటలో చీరల టోకు వ్యాపారం. మరక పడిన కొసను మడత లోపలికి తిప్పిన గుమస్తాను ఆయన వీధిలో నిలబెట్టి తిట్టడం చూస్తూ పెరిగింది. ఇప్పుడేమో గురువే కత్తెర పట్టాడు!

జన్యువు తనంతట తాను పలకదు. దాని గడపలాంటి చోట, డీఎన్‌ఏ మీద ఒక ప్రోటీను వచ్చి కూర్చుంటేనే లోపలి పాఠానికి నకలు మొదలవుతుంది. ఆ గడపకు మిథైల్ అనే చిన్న రసాయనపు తునకను అంటించింది సింధూరి. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారలేదు. ప్రోటీను మాత్రం రాలేదు. రెంటినీ జెల్లులో కరెంటుతో కిందికి పరుగెత్తిస్తే, ఫిల్ము మీద మామూలు డీఎన్‌ఏ గీత ప్రోటీను బరువు మోస్తూ పైనే ఆగింది. మిథైల్ అంటినది ఒంటరిగా కిందికి జారిపోయింది. రెండేళ్ల చాకిరీ అంతా ఆ జారిన గీతలోనే ఉంది.

"ప్రోటీను చచ్చుంటుంది," అన్నాడు కామేశం.

"ఒకే గొట్టంలోంచి రెంటికీ పోసినాను సార్. ఒకదాంట్లో బతికి ఇంకోదాంట్లో చస్తుందా?"

"అయితే నీ చెయ్యి వణికుంటుంది. ఆడపిల్లలకి నిదానం తక్కువ."

సింధూరి ఫిల్ము లాక్కుని బస్సెక్కింది.

ఇంటి గుమ్మానికి వేపమండలు ఇంకా వేలాడుతున్నాయి. తమ్ముడు కిట్టుకు అమ్మవారు పోసి తగ్గింది, తలకి నీళ్లూ పోశారు. కానీ గుడిలో కూళు, అదే అంబలి, పోసేదాకా మండ తియ్యకూడదని తల్లి సీతాలక్ష్మి పట్టు. ఎన్ని దేశాలు తిరిగినా ఇంతే: ఒకచోట గడపకు సున్నపు గీత, ఒకచోట గుర్రపు నాడా. ఇల్లు అదే, మనుషులూ వాళ్లే. ఆ గుర్తే కొందరిని రానిస్తుంది, కొందరిని వెనక్కి తిప్పుతుంది.

పూలమ్మే అంజలై వీధిలోనే నిలబడి కేకేసింది. "పాపా, పూలకి గిన్నె ఈడికే తేమ్మా!"

"వాడికి తగ్గిపోయిందిగా అక్కా, లోపలికి రా."

"మండ ఉందిగా, గడప తొక్కకూడదు! నువ్వు చదువుకున్నదానివేనా?"

సింధూరికి కోపంలోనే నవ్వొచ్చింది. అంజలై గడప తొక్కలేదు కాబట్టి ఆమె కాళ్లు విరిగాయంటాడా కామేశం?

"ఏందే, ముఖం అట్టా పెట్టుకోనుండావ్?" అంది సీతాలక్ష్మి.

"ఏం లేదమ్మా. ఆ మండ మటుకు తియ్యొద్దు."

మర్నాడు కమిటీ ముందు కామేశం చెయ్యి చాచాడు. "ఫిల్ము ఇలా తే. కత్తిరించావా?"

"లేదు సార్. కత్తిరించేదుంటే ముందు నా పేరు కత్తిరించండి."

ఆయన ముఖం కందగడ్డయింది. సింధూరి ఫిల్మును లైటు పెట్టె మీద పరిచి, చివరి గీత మీద వేలు పెట్టింది.

"వచ్చి కూర్చున్న ప్రోటీను సంగతి తర్వాత. ముందు ఈ గడపకి ఎందుకు రాలేదో చెప్తాను."