ఎడమకు వాలే రోడ్డు

ఒర్లియంపేటలో భువనేశ్వరి ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ భువనేశ్వరి అని ఎదురు ప్రశ్న వేస్తారు. సూది భువన అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. ఇల్లిల్లూ తిరిగి నెత్తురు నమూనాలు తీసి ల్యాబుకు చేర్చే పనిలో ఆమె పంతొమ్మిదేండ్లు గడిపింది. తెల్లవారి అయిదున్నరకు స్కూటరు తీసేది. పరగడుపున వాకిట్లో కూర్చొని ఎదురుచూసే ముసలివాళ్ళ చేతులు ఒక్కొక్కటే పట్టుకొని, తొమ్మిది కొట్టేలోగా గొట్టాలన్నీ ఐసుపెట్టెలో సర్ది తెచ్చేది.

వయసు మళ్ళిన చేతిలో నరం దొరకడమంటే, బావిలో పడిన చేదను పాతాళగరిగెతో వెదకడం వంటిది. అది కంటికి కనబడేది కాదు, చేతికి తగలవలసినది. కొక్కెం నీళ్ళ అడుగున దేనికి తగిలిందో తాడు పట్టుకొన్న చేతికి తెలిసినట్టే, చర్మం కింద ఏది నరమో ఏది కాదో భువనేశ్వరి చూపుడువేలికి తెలిసేది. సముద్రం ఒడ్డున కురుచికుప్పంలో దొరైస్వామి అనే ఎనభై ఎనిమిదేండ్ల పెద్దాయన ఉన్నాడు. ఊరు ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళది గనుక, పడుచుతనంలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, నేటికీ ఆ పింఛను పుచ్చుకొంటున్నవాడు. ఎడారి యుద్ధంలో తనకు తగిలిన గుండు కంటె ఆసుపత్రి సూది ఎక్కువ బాధపెట్టిందని చెప్పే ఆయన, భువనేశ్వరి వస్తే మాత్రం చెయ్యి చాచి, మొహం సముద్రం వైపు తిప్పుకొని, గుచ్చిన సంగతి తెలియక ఇంకా గుచ్చలేదా అని అడిగేవాడు.

ఆరు నెలల కిందట కిరుమాంబాక్కం దగ్గర, ఒక పెళ్ళి నుంచి తిరిగివస్తూండగా, వెనుక నుంచి వచ్చిన వ్యాను ఆమె స్కూటరును ఎడమవైపు రాసుకొంటూ పోయింది. ఎడమ మోకాలు నలిగింది. లోపల కడ్డీ వేశారు. ఎముక అతికింది గాని కాలు వంగడం మానేసింది. ఇక ఇంతేనమ్మా, ఇంతకు మించి వంగదు అని వైద్యుడు తన అరచేతిని రవంత ముడిచి చూపించాడు.

ఆ రోజు వెనుక కూర్చొన్నవాడు ఆమె భర్త ముకుందన్. ఆయనకు గోరంత గీత కూడా పడలేదు. పడనందుకే కాబోలు, ఆనాటి నుంచి ఆయన రెండు చక్రాల బండి దేనినీ ఎక్కలేదు. నెహ్రూ వీధిలో తాను పనిచేసే బట్టల దుకాణానికి ఎండైనా వానైనా నడిచే పోయేవాడు.

ఈ దంపతుల జోడీని గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఆమె అయిదడుగులకు అంగుళం తక్కువ. ఆయన ఆరడుగులకు రెండంగుళాలు ఎక్కువ. పెళ్ళిపందిట్లోనే ఆమె మేనత్త, నిచ్చెనకూ ముక్కాలిపీటకూ ముడి పెట్టినారే అని నవ్వించింది. ముకుందన్‌కు సైకిలు కూడా రాదు. ఇరవై యేండ్లు భార్య వెనుకనే కూర్చొని ఊరంతా తిరిగాడు. దుకాణంలో వాళ్ళు, ముకుందన్ గారికేం, ఇంట్లోనే డ్రైవరమ్మ అని ఎకసెక్కమాడినా, నమ్మకమైన డ్రైవరు అని నవ్వేసేవాడు. ఆయనకు ఒకటే దురలవాటు. బండి ఎక్కడ ఆగినా ఆ పొడుగు కాళ్ళు రెండూ నేలకు ఆనించేవాడు. భువనేశ్వరికి అది నామోషీ. కాళ్ళు పైన పెట్టుకోండి, బండి నిలబెట్టేది నాకు తెలుసు అని ఇరవై యేండ్లుగా కసురుతూనే ఉంది.

ఇప్పుడు ఆమెకు ఏ బండీ పనికిరాకుండా పోయింది. మామూలు స్కూటరు మీద మోకాలు మడవాలి. మడవకపోతే కాలు బయటికి కర్రలా పొడుచుకొని వస్తుంది. పక్క చక్రాలు బిగించిన బండిమీదా అదే అవస్థ. గేర్ల బండి మాట సరేసరి. అలా ఉండగా ఒకనాడు ఆసుపత్రి వాకిట్లో ఆటో కోసం నిలబడినప్పుడు, పడకకుర్చీలో వాలినట్టు వెనక్కి వాలి, రెండు కాళ్ళూ ముందుకు బారజాపి, ఒక పెద్ద స్కూటరు మీద పోతున్న మనిషిని చూసింది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. దాన్ని మ్యాక్సీ స్కూటరు అంటారనీ, ఖరీదైనదనీ, కాళ్ళు చాపుకోవడానికి ముందు ఏటవాలు పలక ఉంటుందనీ తెలుసుకొంది. ప్రమాదానికి వచ్చిన పరిహారం దానికి సరిపోతుంది.

ఒక మండలం పాటు అభ్యాసం చేసింది. హాల్లో బెంచీ, వీపుకు దిండు, ముందు గోడకు ఏటవాలుగా ఆనించిన పీట, చేతుల్లో చపాతీల కర్ర. ముకుందన్ ఎదురుగా నిలబడి ఒకసారి లారీ, ఒకసారి ఆవు, ఒకసారి చూడకుండా రోడ్డు దాటే ముసలమ్మ అయ్యేవాడు. హారన్ మోత కూడా ఆయన నోటిదే. నలభయ్యో రోజుకు ఆమె ఎడమ కాలు గంటసేపు ఆ పీట మీద నొప్పి లేకుండా నిలిచింది.

గురువారం ల్యాబు మేనేజరు ఫోను చేశాడు. సోమవారం బండితో వస్తే పాత దారి పాతవాళ్ళకే అన్నాడు. రాకపోతే ఇన్నాళ్ళూ ఆమె బదులు తిరుగుతున్న కొత్త మనిషికే ఆ పని ఖాయం చేస్తారట. లోపల కూర్చొని చేసే పని ఏదైనా ఉందా అని ఆమె అడిగింది. లేదన్నాడు. మర్యాదగానే అన్నాడు.

శనివారం ఉదయం ఇద్దరూ విల్లుపురం రోడ్డులోని షోరూముకు వెళ్ళారు. నలభై ఆరేండ్ల జీవితంలో మొదటిసారి చుడీదార్ తొడుక్కొన్న భువనేశ్వరి, కుంటు తెలియకుండా అడుగులో అడుగు వేస్తూ నడిచింది. కాలి సంగతి ముందే చెప్పేద్దాం భువనా అని ముకుందన్ గుమ్మంలో గొణిగాడు. చెబితే తాళం ఇవ్వరని ఆమెకు తెలుసు. నడిపి చూపించిన తర్వాత చెప్తానంది.

యోగానంద్ అనే సేల్స్ అబ్బాయి, సన్నగా పొడుగ్గా ఉన్నవాడు, వివరాలన్నీ ముకుందన్ మొహం చూస్తూ తమిళంలో వల్లించసాగాడు. నాకు కాదు తంబీ, నాకు సైకిలే రాదు అన్నాడాయన. ఆ అబ్బాయి భువనేశ్వరి వైపు తిరిగాడు, ఆమె ఎత్తు చూశాడు. నడిపి చూసేటప్పుడు నిబంధన ప్రకారం వెనుక తాను కూర్చుంటానని మాత్రం చెప్పాడు.

బండి నల్లగా, దున్నపోతులా ఉంది. నడిమధ్య ఎత్తైన దిమ్మ. బిగుసుకొన్న ఎడమ కాలి మీద నిలబడి, కుడి కాలు దిమ్మ మీదుగా అవతలికి వేసి కూర్చొంది. ఆ అబ్బాయి హెల్మెట్ కోసం అటు తిరిగినప్పుడు, ఎడమ కాలిని తొడ కింద చెయ్యి వేసి ఎత్తి ముందు పలక మీద చాపింది. అది సరిగ్గా, దాని కోసమే ఆ పలకను కొలిచి చేసినట్టు, కుదిరింది.

యోగానంద్ వెనుక ఎక్కాక బండి కదిలింది. మొహానికి గాలి తగిలింది. ఆరు నెలలుగా ఆటోల్లో, ఒకరి భుజం మీద, గోడ పట్టుకొని కదిలిన మనిషి తన మణికట్టు తిప్పి తానే ముందుకు పోయింది. సోమవారపు ఇండ్లు వరుసగా కళ్ళముందు కదిలాయి. బాగా నడుపుతున్నారక్కా అని వెనుక నుంచి ఆ అబ్బాయి అన్నాడు. భువనేశ్వరికి ఏడుపు వచ్చింది; హెల్మెట్ ఉన్నందుకు సంతోషించింది.

ఇందిరాగాంధీ కూడలిలో ఎర్రదీపం పడింది.

వానాకాలంలో నీళ్ళు నిలవకుండా రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. ఆ వాలు కాళ్ళు రెండూ ఉన్నవాడి కంట పడదు. ఇంట్లో బెంచీ వేసిన నేల మాత్రం చదునైనది. అక్కడ నలభై రోజులూ ఆమె పోవడమే నేర్చుకొంది. ఆగడం నేర్చుకోవాలని ఆమెకు గాని, ఆవుగా నిలబడిన ముకుందన్‌కు గాని తోచలేదు. బ్రేకు పట్టింది. కుడి కాలు దించింది. సీటు వెడల్పుకూ ఎత్తుకూ మునివేళ్ళు మాత్రమే నేలను అందుకొన్నాయి. అంత బరువూ మెల్లగా, రోడ్డు వాలిన వైపుకే, ఎడమకు ఒరిగింది. ఎడమ కాలేమో పలక మీద చాపినది చాపినట్టే ఉంది. దాన్ని రమ్మన్నది. రాలేదు.

“పట్టుకోండి!”

ఆమె కేక తెలుగులో వచ్చింది. బజారులో, ల్యాబులో తమిళమే మాట్లాడేవాళ్ళకు గుండె జారినప్పుడు మాత్రం ఇంటి మాటే నోటికి వస్తుంది. యోగానంద్‌కు మాట అర్థం కాకున్నా సంగతి అర్థమైంది. తన పొడుగు కాలు దించి, బండిని నిలబెట్టాడు. తరువాత అతని చూపు ఆమె ఎడమ కాలి మీద పడింది. కదలకుండా ఉన్న ఆ కాలిని చాలాసేపు చూశాడు.

తిరిగి వచ్చారు. యోగానంద్ ఆమెను షోరూములో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, ఈ బండికి పక్క చక్రాలు కుదరవక్కా అని తానే తప్పు చేసినట్టు చెప్పాడు. అమ్మితే నాకు నిద్ర పట్టదు అని కూడా అన్నాడు. పోవడం వచ్చును. ఆగడం రాదు. ఆమె పని అంతా ఇంటింటి ముందూ ఆగడమే.

ఫోను మోగింది. దొరైస్వామి. కొత్తవాడు నిన్న నాలుగుచోట్ల పొడిచాడనీ, చెయ్యి నేరేడుపండులా ఉందనీ, సోమవారం నీవు వస్తావని ల్యాబువాళ్ళు చెప్పారనీ, నిజమేనా అనీ అడిగాడు. భువనేశ్వరి రాలేనని చెప్పలేక, ఆ చేతికి తడిగుడ్డ వేసుకోమంది. ఫోను అలాగే చెవికి ఆనించుకొని కూర్చొంది.

ముకుందన్ లేచి నిలబడ్డాడు. భార్యను కాదు, బల్లమీది హెల్మెట్‌ను చూస్తున్నాడు.

“ఇంకోసారి పోదాం. ఎనక నేను కూర్చుంటా.”

“మీరా?”

“నా కాళ్ళు యాడికి పోయినాయి?”

యోగానంద్ ముందు వల్లగాదన్నాడు. నిబంధన అన్నాడు, మేనేజరు అన్నాడు. ఆమె అతని మొహంలోకి చూసింది. ఆ చూపుకు తాళలేక, తాను మరో బండి మీద పక్కనే వస్తానని ఒప్పుకొన్నాడు. ముకుందన్ బండి ఎక్కడానికి మూడుసార్లు ముందుకు వచ్చి రెండుసార్లు వెనక్కి తగ్గాడు. ఎక్కిన తరువాత ఆయన చేతులు ఆమె భుజాలను పట్టుకోలేదు, కరుచుకొన్నాయి. పక్కన ఏ వ్యాను పోయినా ఆ పది గోళ్ళూ దిగబడుతున్నాయి. ఆయన వణుకు సీటు గుండా ఆమె వెన్నుకు ఎక్కుతోంది.

మళ్ళీ అదే కూడలి. మళ్ళీ ఎర్రదీపం. దూరం నుంచే ఆమె వేగం తగ్గించింది.

“కాళ్ళు కింద పెట్టండి.”

ఇరవై యేండ్లలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. బండి ఎడమకు ఒరగబోయింది, ఒరగలేదు. అటొకటీ ఇటొకటీ, పాత తోలుచెప్పులు వేసుకొన్న రెండు పెద్ద పాదాలు తారు మీద మోపి ఉన్నాయి. బండి రాయిలా నిలిచింది. పక్కన యోగానంద్ ఊపిరి వదిలాడు.

దీపం కింద అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి.

“భయమా?” అంది వెనక్కి తిరగకుండా.

“ఊఁ.” మళ్ళీ తానే అడిగాడు: “సోమవారం ఎన్ని ఇండ్లు?”

“ఇరవై రెండు.”

దుకాణం తెరిచేది పదింటికి. ల్యాబు పని ముగిసేది తొమ్మిదింటికి. ఆ లెక్క ఇద్దరికీ తెలుసు. తెలియనిదల్లా, ఈ వణికే కాళ్ళు ఇరవై రెండుసార్లు నేలకు దిగి, ఇరవై రెండుసార్లు మళ్ళీ పైకి లేస్తాయా అన్నదే.

పచ్చదీపం పడింది. వెనుక బండ్లు హారన్లు మోగించసాగాయి. ఆ పాదాలు ఇంకా తారును అదిమిపట్టుకొనే ఉన్నాయి.

“కాళ్ళు తీయండి,” అంది భువనేశ్వరి, ఈసారి కసరకుండా.