మా బియ్యం డబ్బాలో ఆంటీ చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు పోలీసమ్మ అని పేరు. ఎవరేం చెప్పినా ఒక పట్టాన నమ్మేదాన్ని కాదు. ఊడిన పన్ను దిండు కింద పెడితే రాత్రి దేవకన్య వచ్చి తీసుకుపోయి, దాని చోట కానుక పెడుతుందని స్కూల్లో చెప్పారు. నేను పన్ను ఊడిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దిండు కింద పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే పన్ను అక్కడే ఉంది. ఆ విషయం క్లాసంతటికీ చెప్పి, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ఏడిపించి, టీచరు చేత చీవాట్లు తిన్నాను. చీవాట్లు తిన్నందుకు బాధపడలేదు. నా అనుమానం నిజమైందని సంతోషించాను.

అప్పుడు మేం న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. డెబ్బైల చివరి రోజులు. మా నాన్న ఇంజినీరు. మా వాళ్ళది బాపట్ల వైపు. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న కొద్దిపాటి తెలుగు క్రైస్తవ కుటుంబాలు కలిసి, ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నం ఆరాధన జరుపుకునేవాళ్ళం. పైన వాళ్ళది ముగిశాక కింద మాది మొదలయ్యేది. నెలాఖరు ఆదివారం ప్రేమవిందు, అంటే ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే భోజనం. ఆ భోజనానికి బియ్యం ప్రతి ఇంటి నుంచీ రావాలి. మా ఇంటి నుంచి ఒక నీలం రంగు బిస్కెట్ల డబ్బా నిండా వెళ్ళేవి. కారులో ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నా పని. అది ఎలా నిండుతుందో మాత్రం, ఇంత పోలీసమ్మనై ఉండీ, ఎన్నడూ ఆరా తీయలేదు.

ఒక ఏడాది అమ్మ కడుపుతో ఉంది. నా తర్వాత చాలాకాలానికి వచ్చిన కడుపు కాబట్టి చర్చి అంతా ఆ బిడ్డ కోసమే ప్రార్థన చేసేది. ఇండియా నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు అమ్మ తల మీద చెయ్యి పెట్టి, పండంటి మగబిడ్డ పుడతాడనీ, దేవుడు తనకు ముందే చూపించాడనీ చెప్పాడు. బేస్‌మెంట్ దద్దరిల్లేలా అందరూ స్తోత్రం అన్నారు. నేను అనలేదు. చూపిస్తే మాకు చూపించాలి గానీ ఈయనకెందుకు చూపించాడని నా అనుమానం. అయినా ఇంటికొచ్చాక రోజూ మోకాళ్ళ మీద నిలబడి, మగబిడ్డ వద్దు, చెల్లి కావాలని నా వంతు నేను అడుగుతూనే ఉన్నాను.

ఏడో నెలలో, మంచు బాగా పడుతున్న రోజుల్లో, అమ్మ హాస్పిటల్‌కి వెళ్ళి ఒట్టి చేతులతో తిరిగి వచ్చింది. నాకు పుట్టింది చెల్లే. కానీ ప్రాణం లేదు.

చర్చి వాళ్ళు ఫ్లాస్కుల్లో కాఫీ పట్టుకుని పరామర్శకు వచ్చారు. కొందరు దేవుని చిత్తం అన్నారు. ఒక పెద్దావిడ మాత్రం, మన విశ్వాసంలో ఎక్కడో లోపం ఉండి ఉంటుందని పక్కావిడతో అంది. చిన్నగానే అంది కానీ అది అమ్మకు వినబడింది. నాకూ వినబడింది. అమ్మ ఎవరితోనూ పోట్లాడలేదు. భోజనం ముందు నాన్న ప్రార్థన చేస్తుంటే తల వంచడం మానేసింది, అంతే. తర్వాత చర్చికి రావడం మానేసింది. ఒకరోజు నీలం డబ్బాలోని బియ్యాన్ని మా బియ్యం డ్రమ్ములోకి తిరిగి పోసేసి, ఖాళీ డబ్బాలో స్నానం సబ్బులు సర్ది బాత్రూమ్‌లో పెట్టింది. ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకోవడమే. నాకు చాలా భయం వేసింది. అమ్మ ఇక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుందేమో అనిపించేది. ఆ భయం దేవుడికి చెప్పుకుందామంటే అసలు అనుమానం ఆయన మీదే.

ఆ రోజుల్లోనే పై అంతస్తు ఆంటీ మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఆంటీ మా చర్చి మనిషే. హాస్పిటల్‌లో నర్సు, ఎప్పుడూ నైట్ డ్యూటీ. పొద్దున నిద్రపోయి, మధ్యాహ్నం లేచి, చీర మీద బరువైన కోటు వేసుకుని కిందికి దిగి వచ్చేది. ఎవరూ అడక్కుండానే మా వంటింట్లోకి వెళ్ళి అన్నం, పప్పు వండి, అమ్మ మంచం పక్కన పళ్ళెం పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయేది. నాకు ఆవిడ మీద మొదటి రోజు నుంచే గురి లేదు. ఊరికే ఎవరైనా రోజూ వచ్చి వండుతారా? అమ్మను మళ్ళీ చర్చికి లాక్కెళ్ళడానికి వాళ్ళే ఈవిడను పంపి ఉంటారనుకున్నాను. అందుకే స్కూలు బస్సు దిగగానే ఇంటికి పరుగెత్తి, హోమ్‌వర్క్ ముందేసుకుని ఆవిడ మీద ఒక కన్నేసి ఉంచేదాన్ని.

నా కాపలా వృథా పోలేదు. ఒకరోజు ఆంటీ గ్లాసుతో బియ్యం కొలిచి గిన్నెలో పోసుకున్నాక, మళ్ళీ డ్రమ్ములో చెయ్యి పెట్టింది. గుప్పెడు బియ్యం తీసింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కోటు జేబులోంచి బ్రెడ్డు ప్యాకెట్ కవరు తీసి అందులో పోసి, మూతి మెలితిప్పి, మళ్ళీ జేబులో పెట్టేసుకుంది. మర్నాడు కూడా అంతే. అవి నాన్న న్యూయార్క్ దాకా కారు వేసుకెళ్ళి తెచ్చే బియ్యం. దొంగతనం చేస్తూ భయంతో కళ్ళు మూసుకుంటోందని నేను తేల్చేశాను.

సాక్ష్యం కావాలి కదా. డ్రమ్ములో బియ్యాన్ని చదునుగా సర్ది, పైన వేలితో నవ్వుతున్న మొహం గీసి స్కూలుకి వెళ్ళాను. సాయంత్రం చూస్తే మొహం లేదు. అన్నం వండడానికి తీసినా ఆ మొహం చెరిగిపోతుందన్న సంగతి నాకు తట్టలేదు. నేరం రుజువైందనుకుని నాన్నకు చెప్పాను. ఆయన పేపరు దించకుండానే, పెద్దవాళ్ళను అలా అనకూడదన్నాడు.

ఇక లాభం లేదని మర్నాడు, ఆంటీ వంటింట్లో ఉండగానే, అమ్మ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

"అమ్మా, ఆంటీ మన రైస్ స్టీల్ చేస్తుంది," అన్నాను.

అమ్మ గోడ వైపు నుంచి తిరగలేదు.

"ఎవ్రీ డే. నేను చూశాను. కళ్ళు క్లోజ్ చేసి మరీ తీస్తుంది."

అమ్మ ఇటు తిరిగింది. చాలా రోజుల తర్వాత నా మొహంలోకి చూసింది. "గుప్పెడేనా?" అని అడిగింది. అవునన్నాను. అమ్మ లేచింది. జుట్టు కూడా ముడి వేసుకోకుండా, గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. దొంగ దొరికిందని నేను వెనకాలే వెళ్ళాను.

"నేను ఇవ్వననే కదక్కా డబ్బా ఖాళీ చేశాను. నా ఇంట్లో, నా బియ్యంలోంచి, నన్నడక్కుండా నువ్వెట్లా తీస్తావు?" అంది అమ్మ.

ఆ నీలం డబ్బా ఎలా నిండేదో నాకు అప్పుడు తెలిసింది. మా వైపు చర్చి ఆడవాళ్ళు వంటకు బియ్యం కడగబోయే ముందు, ఒక గుప్పెడు తీసి, మనసులో ఒక మాట ప్రార్థించుకుని దేవుని కోసం పక్కన పెడతారు. వాళ్ళమ్మలూ అలాగే చేశారు. అమ్మ ఆ పని పొద్దున్నే, నాన్న లంచ్ బాక్స్ కోసం వండేటప్పుడు, నేను నిద్ర లేవకముందే చేసేది. ఇప్పుడు అమ్మ మానేస్తే, అమ్మ వంతు ఆంటీ తీస్తోంది.

ఆంటీ స్టవ్ మంట తగ్గించి, జేబులోంచి కవరు తీసి టేబుల్ మీద పెట్టింది. "తప్పేనమ్మాయ్. కావాలంటే మళ్ళీ డ్రమ్ములో పోసెయ్," అంది. తనకు పిల్లలు పుట్టరని డాక్టర్లు చెప్పాక తనూ ఇట్లాగే మానేశానని చెప్పింది. అప్పుడు వాళ్ళ అత్తగారు ఈవిడకు తెలియకుండా ఈవిడ వంతు కూడా తీసేదట. "తెలిసిన రోజు నీకంటే పెద్ద గొడవ చేశాను," అంది.

"నాకు నమ్మకం లేదక్కా. లేకుండా తీస్తే అది నాటకం కాదా?"

"నాకు మాత్రం రోజూ ఉంటుందని ఎవరు చెప్పారు? వార్డులో డ్యూటీ దిగి వచ్చే కొన్ని పొద్దుల్లో నాకసలు ఉండదు." ఆంటీ అన్నం మెతుకు నొక్కి చూసి స్టవ్ కట్టేసింది. "ఇంటాయన మీద అలిగినా ఆ పూట అన్నం వండుతాం కదమ్మాయ్. అలిగే తియ్యి. చేతకాదంటావా, అందాకా నీ వంతు నేను పట్టుకునుంటా."

నేను నోరు తెరుచుకుని ఆవిడనే చూశాను. తనకు కొన్ని రోజులు నమ్మకం ఉండదని ఒక పెద్ద మనిషి పైకి చెప్పగా వినడం నాకు అదే మొదటిసారి. బేస్‌మెంట్‌లో అందరూ అన్నీ నమ్ముతున్నట్టే కనబడేవారు. అందుకే నాకు వాళ్ళ మీద అంత అనుమానం. లేదని ఒప్పుకున్న ఈ మనిషి మాటే నాకు నమ్మబుద్ధయింది.

అమ్మ కవరును ముట్టుకోకుండా గదిలోకి వెళ్ళిపోయింది. ఆంటీ కూడా దాన్ని జేబులో పెట్టుకోలేదు. అది టేబుల్ మీదే ఉండిపోయింది. నాన్న దాని చుట్టూ పళ్ళేలు సర్దుకుని మాకు వడ్డించాడు. అదేమిటని అడగలేదు. ఆ కవరు అలా కొన్నాళ్ళు మాతో పాటే భోజనానికి కూర్చుంది.

ఒకరోజు పొద్దున్నే రేకు చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది. చప్పుడు చేయకుండా వెళ్ళి చూశాను. అమ్మ సబ్బులు తీసేసి నీలం డబ్బాను కడిగి, చీర కొంగుతో తుడుస్తోంది. టేబుల్ మీది కవరు విప్పి అందులో పోసింది. తర్వాత డ్రమ్ములో చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. కళ్ళు మూసుకోలేదు. పెదవులు కదపలేదు. కిటికీలోంచి పార్కింగ్ లాట్ మీది మంచు వైపు చూస్తూ, నేను అబద్ధం చెప్పి దొరికిపోయినప్పుడు నా వైపు ఎలా చూసేదో అలా చూస్తూ, ఆ బియ్యాన్ని డబ్బాలో వేసింది. ఏడుపొచ్చి, వెనక్కి వెళ్ళి దుప్పటి ముసుగేసుకున్నాను.

ఆ నెలాఖరు ఆదివారం అమ్మ మాతో వచ్చింది. కోటు విప్పకుండా ఆఖరి వరసలో కూర్చుంది, పాటలు పాడలేదు. డబ్బా ఎప్పట్లాగే నేనే తీసుకెళ్ళి ఆడవాళ్ళకు ఇచ్చాను. అన్ని ఇళ్ళ బియ్యం ఒకే గిన్నెలో పోసి వండడంతో అన్నం ఎప్పుడూ సగం మెత్తగా, సగం పలుకుగా ఉండేది. ఆ రోజు దానికి ఇంకొకటి కలిసింది. పళ్ళేలు చేతికి రాగానే అందరికీ తెలిసింది, అన్నం గుప్పున సబ్బు వాసన వేస్తోంది. ఎంత కడిగినా డబ్బాకు ఆ వాసన పోలేదు, బియ్యం దాన్ని పీల్చుకున్నాయి.

ఆ వాసన ఎవరింటిదో నాకు తెలుసు, ఆంటీకి తెలుసు. ఇప్పుడెవరు ఏమంటారోనని ఒక్కొక్కరి మొహమే గమనిస్తున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. విశ్వాసంలో లోపం అన్న పెద్దావిడ తల వంచుకుని పప్పు ఎక్కువ కలుపుకుని తినేసింది. ఆంటీ అయితే మారు వడ్డించుకుంది. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. ఆంటీ వైపు చూసింది. చూసి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే పళ్ళెం ఖాళీ చేసింది.

ఆ తర్వాత మా ఇంట్లో మరో బిడ్డ పుట్టలేదు. ఆ ప్రసంగీకుడు మళ్ళీ రాలేదు, వస్తే అడుగుదామని కొన్ని ప్రశ్నలు దాచుకున్నాను. అమ్మ మళ్ళీ ప్రార్థన చేసింది, కానీ మునుపటిలా కాదు. చర్చిలో సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలు, చెప్పమంటే లేచి నిలబడి, తనకు ఇంకా జవాబు రాలేదనీ, అయినా వచ్చాననీ చెప్పి కూర్చునేది. జవాబు వచ్చిందన్న వాళ్ళ సాక్ష్యాల కన్నా నాకు అదే ఎక్కువ ధైర్యం ఇచ్చేది.

ఇప్పుడు నేను అమెరికాలోనే అల్ఫారెట్టా అనే ఊళ్ళో ఉంటున్నాను. జుట్టు నెరిసింది కానీ అనుమానం తగ్గలేదు. దేవుడు నాకు చూపించాడని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒక కన్ను తెరిచే ప్రార్థన చేస్తాను. మా చర్చిలో ఇప్పుడు విందుకు కేటరింగ్ వస్తుంది. గుప్పెడు బియ్యం సంగతి కుర్రవాళ్ళకు తెలియదు. నేను మాత్రం నమ్మకం ఉన్న రోజూ తీస్తాను, లేని రోజూ తీస్తాను. డబ్బా నిండాక, లేనివాళ్ళకు ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంక్‌లో ఇచ్చి వస్తాను.

ఈమధ్య రెండు గుప్పిళ్ళు తీస్తున్నాను. రెండోది, పోయినేడు ఒక పెద్ద దెబ్బ తిని చర్చికి రావడం మానేసిన అమ్మాయి వంతు. ఆమెకు ఈ సంగతి తెలియదు. తెలిసిన రోజు నేరుగా మా వంటింట్లోకి వచ్చి, నన్నడక్కుండా ఎట్లా తీస్తారు ఆంటీ అని గొడవ చేస్తుంది. చెయ్యనీ. ఆ రోజు కోసమే ఎదురు చూస్తున్నాను.