ఇది పొద్దు కాదప్పా, చెడిపోయేదానికి

తెల్లవారుజామున శ్రీసిటీలోని మా ఫ్యాక్టరీ బస్సు కోసం శ్రీకాళహస్తిలో నిలబడ్డప్పుడు ఎదుటి బండి మీంచి వేడి వడల వాసన వస్తే గురవయ్య గారు గుర్తొస్తారు. నేను బరువు తగ్గింది ఆయన వల్ల. ఆ మాట చెప్పవలసిన చోట నేను చెప్పలేదు.

ఆయన మా ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌ఛార్జిగా ఉండేవారు. బాగా లావు మనిషి. నాకు షుగర్ వచ్చేలా ఉందని డాక్టరు హెచ్చరించాక అన్నం మానేశాను. శనివారం ఒక్కపొద్దు ఉండే ఇంట్లో పెరిగినవాణ్ణి. మధ్యలో ఒక మెతుకు నోట్లో పడితే పొద్దు చెడిపోయినట్టే. తిండి నియమాన్నీ అలాగే పట్టుకున్నాను. ఒకరోజు క్యాంటీన్‌లో ఆగలేక వడ తినేసి, "చెడిపోయింది సార్, ఇంక ఎంత తింటే ఏముంది?" అంటూ మళ్లీ ప్లేటు అందుకున్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ఇది పొద్దు కాదప్పా, చెడిపోయేదానికి. వడ తింటివి, అయిపోయె. రాత్రికి ఎప్పుడూ తినేదే తిను."

"ఈరోజు నడక కూడా మానేసినాను సార్."

"రేపు నడువు. ఎవురికి మొక్కుకున్నావని భయం?"

సంగటి మానొద్దన్నారు, ముద్ద చిన్నది చేసుకోమన్నారు. పక్కన ఆకుకూర పప్పు ఎక్కువ వేసుకోమన్నారు. భోజనమయ్యాక నాతోపాటు షెడ్డు చుట్టూ నడిచేవారు. నేను ఆయాసపడుతుంటే ఆయన కబుర్లు చెబుతూనే ఉండేవారు. నెలలు గడిచాక నా ఒళ్లు తేలికైంది. ఆయన ఒళ్లు మాత్రం తగ్గలేదు.

ఫ్యాక్టరీ హాల్లో ఆరోగ్యం మీద సభ పెట్టి, నన్ను వేదిక ఎక్కించి, ఎలా తగ్గావని అడిగారు. "గురవయ్య సార్ నేర్పించినాడంట!" అని కింద ఎవరో అరిచారు.

"ముందు ఆయన్ని తగ్గమనబ్బా, బస్సులో రెండు సీట్లు కావాల!" అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "ఎవరూ నేర్పలేదు, అంతా నా పట్టుదలే" అన్నాను. ముందు వరుసలో కూర్చున్న ఆయన చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత నన్ను నడకకు పిలవలేదు. నాకూ ఆయన పక్కకు వెళ్లే ముఖం లేకపోయింది.

ఆయన రిటైరైన రోజు అదే హాల్లో శాలువా కప్పారు. మైకు నేనే అడిగి తీసుకున్నాను.

"ఆపొద్దు ఈడ అబద్ధం చెప్పినాను. నాకు తినేది, నడిచేది నేర్పింది ఈయనే. మీరు నవ్వతారని ఈయన పేరు మింగేసినాను."

ఆయన వైపు తిరిగాను.

"తప్పు చేసినాను సార్. మన్నించండి."