ప్యాసింజర్ ఎదురొచ్చే చోటు

నా భార్య బిడ్డను తీసుకుని బోనకల్‌లో తల్లిగారింటికి వెళ్లిపోయిన పదో రోజున నేను పరుగు మొదలుపెట్టాను. అప్పటికి ముప్పై నాలుగేళ్లు. కారేపల్లిలో చిన్న గుమాస్తా ఉద్యోగం, కిరాయి ఇల్లు. ఆరోగ్యం కోసం కాదు ఆ పరుగు. సాయంత్రం ఐదు కాగానే నా కాళ్లు నన్నడగకుండానే బెల్టు షాపు దారి పట్టేవి. వాటిని ఇంకో దిక్కుకు తోలకపోతే నేను మిగలనని భయమేసింది.

వెళ్లేటప్పుడు ఆమె ఏడవలేదు. "ఒట్లు పెట్టకు. ఇదివరకు పెట్టినవన్నీ తాగేసినవ్. నువ్వు మానినవని నాకు నమ్మకం కుదిరిననాడు నేనే వస్త" అన్నది. ఆ నమ్మకం ఎలా కుదురుతుందో నాకు తెలియలేదు. ఆమెకూ తెలిసినట్టు లేదు.

మొదటి రోజు ఆఫీసు ప్యాంటుతో, రబ్బరు చెప్పులతో పట్టాల పక్క బాటన డోర్నకల్ వైపు ఉరికాను. చేలో పత్తి ఏరేవాళ్లు నడుములెత్తి చూశారు. మా దిక్కున పెళ్లయిన మగవాడు పరుగెత్తాడంటే చావు కబురన్నా ఉండాలి, ఎవరినన్నా పామన్నా కరిచి ఉండాలి. ఒక ముసలాయన తువ్వాలు భుజాన వేసుకుని కొంత దూరం నా వెనకే ఉరికొచ్చాడు.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

ఎవరూ పోలేదు, ఊరికే ఉరుకుతున్నానన్నాను. ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "ఊరికే ఎవడన్న ఉరుకుతడా? రాత్రిది ఇంక దిగలేదా ఏంది?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు, అందుకే ఎక్కువ మండింది.

ఆ రోజు తూము దాకా పోయేసరికి డొక్కలో పోటొచ్చి కూలబడ్డాను. అప్పుడే డోర్నకల్ నుంచి వచ్చే సాయంత్రం ప్యాసింజర్ ఎదురొచ్చింది. చేతి గడియారం ఏనాడో తాగేశాను కాబట్టి ఆ బండినే గడియారం చేసుకున్నాను. ఐదుకు ఆఫీసు నుంచి బయల్దేరాలి, బండి ఎక్కడ ఎదురైతే అక్కడ ఆగాలి. ఎంత దూరం పోగలిగితే అంత బాగుపడినట్టు.

బాగుపడుతూనే ఉన్నాను. తూము దాటి మామిడి తోట, తోట దాటి వాగు వంతెన. పరుగెత్తినంతసేపే మనిషిని. మిగతా వేళల్లో కాలుగాలిన పిల్లినే. ఆఫీసులో కూర్చోలేను, ఇంట్లో పడుకోలేను. చింత చచ్చినా పులుపు చావలేదు. పైగా నాకు అందుబాటులో ఉన్న కాయిన్ బాక్సు ఫోను ఒక్కటే, అది బెల్టు షాపు నడిపే కిరాణా కొట్లోనే వేలాడేది. భార్యతో మాట్లాడాలంటే రోజూ సీసాల ముందు నిలబడాలి. "ఇయ్యాల వాగు దాటిన" అంటే ఆమె "అట్లనా" అని ఫోను బిడ్డకిచ్చేది. బిడ్డ మాత్రం ఆ మాటకు అమ్మమ్మ ఇల్లంతా ఎగిరేది.

నాలుగో నెలలో రైల్వే గేటు దాకా పోయాను. మూడు మైళ్లుంటుంది. బండి ఇంకా రాలేదు. నా ఛాతీ రెండు జానలు ఉబ్బింది. గేటుమన్‌కు నా ప్రతాపమంతా చెప్పాను.

అతను నవ్వాడు. "బండి రెండు నెలల సంది లేటు నడుస్తున్నది సార్. అవతల పట్టాలు మారుస్తున్నరు. ఒక్కోనాడు అరగంట. నువ్వు జల్దీ వచ్చుడు కాదు, అది వస్తలేదు."

ఆ బండి లేటు సంగతి ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలియనట్టు ఉండడం బాగుండింది, అంతే.

వెనక్కి నడిచే వచ్చాను. కాళ్లు తిన్నగా కొట్టు ముందు ఆగాయి. కొట్టతను ఏమీ అడగకుండా క్వార్టర్ సీసా తీసి ముందు పెట్టాడు. చెయ్యి దాని మీద పడింది. ఎందుకో ముందు ఫోను చేయాలనిపించింది.

"నేను బాగ ఉరుకుతలేను. బండే లేటొస్తున్నది. నీకు ఇన్నాళ్లు ఉత్తదే చెప్పిన."

ఆమె అడిగింది, "యాడున్నవిప్పుడు?"

"సీసా ముందట."

"తాగినవా?"

"ఇంకా లేదు."

ఫోను కట్టయింది. రూపాయి అయిపోయిందో, ఆమే పెట్టేసిందో తెలియదు. సీసాను అక్కడే వదిలి ఇంటికి ఉరికాను. గొప్పతనం కాదు, ఇంకో నిమిషం నిలబడితే తాగేవాణ్ని.

ఆ తర్వాత ఆఫీసు గడియారం చూసి బయల్దేరి గేటు గదిలోని గడియారం చూసి ఆగేవాణ్ని. వానలు పడేనాటికి నలభై నిమిషాల దూరం ముప్పైకి దిగింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. ఫోనులో బిడ్డ చదువు గురించే మాట్లాడేవాణ్ని.

పట్టాల పని అయిపోయింది. ఒకనాడు ప్యాసింజర్ టైముకే వచ్చి మామిడి తోట దాటగానే ఎదురైంది. కిటికీలో నా భార్య. ఒళ్లో బిడ్డ నిద్రపోతున్నది, ఆమె తల వంచి బిడ్డనే చూస్తున్నది. నన్ను చూడలేదు. వస్తున్నట్టు మాట కూడా చెప్పలేదు.

ఇంటికి తాళం ఉంది, తాళంచెవి నా జేబులో. ఆ వేళప్పుడు ఇల్లు తాళమేసి ఉంటే నేనెక్కడున్నానని ఆమె అనుకుంటుందో నాకు తెలుసు. ఎనిమిదేళ్లు అలా అనుకునేలా నేనే చేశాను. వెనక్కి తిరిగి ఉరికాను. చెప్పు ఒకటి ఊడిపోయింది, రెండోది నేనే విసిరేశాను. రైలు చూస్తుండగానే మలుపు తిరిగిపోయింది. వానకు నానిన బాటలో రెండుసార్లు పడ్డాను.

మా వాకిట్లోకి వచ్చేసరికి ఆమె బిడ్డను భుజాన వేసుకుని, సంచి చేతికి తగిలించుకుని అరుగు దిగుతోంది. మోకాళ్లు పట్టుకుని నిలబడ్డాను. ఒకప్పుడు రోజూ నన్ను లోపలికి రానిచ్చేముందు ఆమె అడిగే మాట ఒకటే, "ఊదు".

ఈసారి అడగలేదు. దగ్గరికొచ్చి నిలబడింది. రొప్పుతున్న నా ఊపిరంతా ఆమె మొఖానికి కొడుతున్నది. కళ్లు మూసుకుని అలాగే చాలాసేపు ఉంది. తర్వాత చెయ్యి చాపి, "తాళంచెవి ఇయ్యి" అన్నది.