పెద్దాయన సీసాలు కడగొద్దు

మా ల్యాబ్ అటెండర్ పెద్దాయన బుధవారం పలమనేరులో గుండెపోటుతో పోయారు. శుక్రవారానికల్లా ఆయన సీసాలన్నీ సోమవారం మరిగించి కడిగేయమని మా విభాగాధిపతి నోటీసు అంటించాడు. ప్రాజెక్టు ముగిసిందట! ఇది అన్యాయం. ఆ పనంతా చేసింది పెద్దాయనే.

ఆ సీసాల్లో ఉన్నవి మనిషి పేగులో కలిసి బతికే బ్యాక్టీరియా. పేగు నొక్కుకుంటూ కదిలినప్పుడు వాటిలో ఏవి గుంపుకట్టి కొట్టుకుపోతాయి, ఏవి విడివిడిగా ఈది నిలబడతాయి అన్నది మా భౌతికశాస్త్ర పరిశోధన. ఆ కదలిక కోసం మెత్తటి గొట్టాన్ని నొక్కే యంత్రం కావాల్సి వస్తే, పెద్దాయన పాత బస్సు వైపర్ మోటారు తెచ్చి బిగించారు. ఇప్పటికీ తిరుగుతోంది. పరిశోధన పోస్టరులో మాత్రం ఆయన పేరు లేదు. అప్పట్లో నేను చేతిలో కరపత్రంతో విభాగాధిపతి గదికి దూసుకెళ్లబోతే పెద్దాయనే నా చెయ్యి పట్టుకున్నారు.

"యాడికప్పా? కరపత్రాలు సదివేది సరే, సీసా మూత బిగించినావా?"

బిగించలేదు. గాలి తగిలితే చచ్చే జీవులవి.

ఆయనది పాడి ఇల్లు. రోజూ ఉదయం ఎనిమిదికి నిన్నటి సీసాలోంచి కొంచెం తీసి కొత్త ఆహారంలో కలిపేవారు. "తోడు పెట్టేది" అనేవారు దాన్ని. ఒకసారి బ్యాక్టీరియా పెరిగి కొత్త సీసా మసకబారకముందే నేను పాతది పారబోశాను. మర్నాటికీ కొత్తది నీళ్లలా తేటగానే ఉంది. ఏళ్లుగా బతికించినదంతా నా చేతిలో పోయిందని తల పట్టుకు కూర్చుంటే, ఆయన ఇంక్యుబేటర్ వెనక వరుసలోంచి చిన్న సీసా ఒకటి తీశారు.

"తోడు పక్కన పెట్టకుండా సట్టి కడుగుతారా అబ్బా? మా యమ్మ సూసుంటే గెరిటెతో కొట్టుండేది."

నోటీసు చూశాక విభాగాధిపతిని అడిగాను.

"ఒక్క సీసా అయినా ఉంచండి సార్."

"రోజూ ఎవరు చూస్తారయ్యా? ఆయన లేడు కదా."

నేను నోరు పారేసుకున్నాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు. కానీ రోజూ ఎవరు చూస్తారన్న ప్రశ్నకి అరుపు జవాబు కాదు.

బుధవారం నుంచి నేనే తోడు పెడుతున్నాను. మిత్రులారా, సోమవారం ఉదయం ఎనిమిదికి ల్యాబ్ తలుపు దగ్గరికి రండి. నినాదాలు వద్దు. వారానికో రోజు వంతు తీసుకునేవాళ్లు ఆరుగురు చాలు, ఏడోవాణ్ణి నేనున్నాను. చేతులు కడుక్కుని రండి. వెనక వరుసలో చిన్న సీసా ఒకటి మసకబారి ఉంది. మూత బిగించే ఉంది.