గొలుసు కార్డులన్నీ ఆమె గడపకే

మా వీధి బైబిలమ్మ మంగళవారం పొద్దున ఆసుపత్రిలో చనిపోయారు. చర్చి తరఫున ఝరాసంగం, రాయికోడ్ వైపు పల్లెలు తిరిగి, చదువురాని స్త్రీలకు వాక్యం చదివి వినిపించడం ఆమె ఉద్యోగం. మా పత్రికకు నాలుగు లైన్ల వార్త పంపాను. అందులో పట్టనిది ఇది.

పదేళ్ల కిందట, డెబ్బైల చివర, మా ఊరికి పేరులేని కార్డులు రావడం మొదలైంది. ఎక్కడో ఒక పాస్టరుకు ప్రభువు కలలో కనిపించాడని, ఆ కబురును ఏడు రోజుల్లో ఇరవై ఒక్క ఇళ్లకు రాసి పంపాలని, లేకపోతే ఇంట్లో పెద్దబిడ్డ బతకదని వాటిలో ఉండేది. చివర సిలువ గుర్తు. ఆ గుర్తు చూసి చర్చివాళ్లే ఎక్కువ భయపడ్డారు. రాయడం రానివాళ్లు రాసిపెట్టమని బైబిలమ్మ దగ్గరికే వచ్చేవారు.

మొదట ఆమె చింపేయమన్నారు. ఎవరూ చింపలేదు, బడిపిల్లలతో రాయించుకున్నారు. అప్పుడామె దారి మార్చారు.

“ఆ భయాన్ని ఇంకొకళ్లింటికి ఎందుకు తోలుడు? అన్నీ నాకే పంపుండ్రి. ఏ శాపమైనా నా గడపల్నే ఆగుతది.”

“నీకు కొడుకు లేడా అమ్మా?” అని ఒకావిడ అడిగింది.

ఉన్నాడు. ఒక్కడే. బొంబాయి రోడ్డు మీద లారీ నడిపేవాడు.

కార్డులు కట్టలుగా వచ్చాయి. “మస్తు మంది చుట్టాలున్నరు గదమ్మా నీకు!” అనేవాడు పోస్ట్‌మన్.

“ఉన్నరు తమ్మీ, అందరు భయపడే చుట్టాలే.”

ఒక వారం మా ఇంటికీ వచ్చింది. మా పెద్దపిల్లకు అప్పుడు మూడేళ్లు, ఆరు రోజులుగా జ్వరం. ఇదంతా ఉత్తదని నా భార్యకు చెప్పాను. చెప్పి, ఆ మధ్యాహ్నమే ఇరవై ఒక్క కార్డులు రాశాను. పోస్టుడబ్బా దగ్గర బైబిలమ్మ ఎదురయ్యారు.

“ఏం సారూ, పేపరాయన గూడ రాసిండా?”

“పిల్లకు జ్వరం తగ్గుతలేదమ్మా.”

నవ్వు ఆపేసి, కట్ట నా చేతిలోంచి తీసుకున్నారు. తన సంచిలో వేసుకున్నారు.

“నీకు భయం లేదా?” అన్నాను.

“లేకేం? పిలగాడు పోయి తొమ్మిది రోజులాయె, కబురు లేదు. భయం ఉంటది బిడ్డా. అది చెప్పినట్టు రాసియ్యద్దు, గంతే. మన ప్రభువు బెదిరించి పిలిచేటోడు గాదు. పా, పిల్లనెత్తుకో. దవాఖానకు పోదాం.”

డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. ఇంకో రెండు రోజులు ఆగితే కష్టమయ్యేదన్నాడు.

తర్వాత నాలుగు రోజులు వీధంతా బైబిలమ్మ గడప వైపే చూసింది. నేనూ చూశాను. హైవే మీద ప్రమాదమని కబురొస్తే ముందు లారీ నంబరు అడిగేవాణ్ణి. ఆమె మాత్రం పొద్దున్నే సంచి తగిలించుకుని పల్లెలకు పోయేవారు. సాయంత్రం గడపలో కూర్చుని రోడ్డు చూసేవారు. తిన్నారో లేదో తెలియదు. ఐదోరోజు కొడుకు వచ్చాడు. ఘాట్ రోడ్డు మీద ఇరుసు విరిగిందట.

పిల్లకు తగ్గింది మందులతో. అతను వచ్చింది ఇరుసు బాగయ్యాక. కార్డులకు వీటితో సంబంధం ఉందనడానికి నాకు ఆధారం దొరకలేదు. ఆ నాలుగు రోజుల భయం మాత్రం నిజం. దాన్ని ఆమె ఎవరికీ పంచలేదు.

భూస్థాపన అయిన మూడోరోజు కొడుకు ఇల్లు తాళం వేసి లారీ ఎక్కాడు. ఆ రోజే పోస్ట్‌మన్ మా గేటు దగ్గర సైకిలాపాడు.

“సార్, అమ్మకు కార్డు. పంపినోళ్ల పేరు లేదు. ఏం జెయ్యాలె?”

అదే కబురు, అదే సిలువ. వసారాలో మా పెద్దపిల్ల బడికి జడ వేసుకుంటోంది.

“ఇటియ్యి,” అన్నాను. “ఇంకొస్తే గూడ ఇక్కడనే ఇయ్యి.”

అతను వెళ్లిపోయాడు. పిల్ల రెండో జడ పూర్తయ్యేదాకా ఆ కార్డు పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాను.